మధ్య ముక్క

పఠనమందిరంలో కంప్యూటరు పాడవలేదు. మొండికేసింది. మీట నొక్కగానే దీపం వెలుగుతుంది, లోపల ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లబడుతుంది. ఆ నలుపు మీద తెల్లని అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడుతుంది. తనకు తెలియని వాళ్లను లోపలికి రానివ్వనని దాని తాత్పర్యం.

"మనల్నా?" అన్నారు యాజులు మాస్టారు.

"మనల్ని కాదండి. నేను తెచ్చినదాన్ని," అంది పుష్పవతి, చేతిలోని పెన్‌డ్రైవు చూపిస్తూ.

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు వెనక వీధిలో పుష్పవతికి జిరాక్సు, కంప్యూటర్ల షాపు ఉంది. పఠనమందిరం కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు వయసైపోయిందని, ఇకమీదట దాని బాగోగులు చూడబోమని కంపెనీవాళ్లు చెప్పేశారు. వాళ్ల కొత్త సిస్టమ్ వేద్దామంటే ఈ పాత పెట్టెకు అంత బరువు మోసే సత్తా లేదు. అందుకని పుష్పవతి అందరూ ఉచితంగా వాడుకునే సిస్టమ్ ఒకటి తెచ్చింది. కొత్తది చేతిలో ఉంది కదా అన్న ధీమాతో పాతదాన్ని ముందే తుడిచేసింది. ఇప్పుడు పాతది లేదు. కొత్తదాన్ని గడప దాటనివ్వడం లేదు.

"లోపల ఒక కాపలావాడుంటాడండి మాస్టారూ," అని ఆమె వివరించింది. "మీట నొక్కగానే అందరికంటే ముందు లేచేది వాడే. వచ్చినదాని మీద సంతకం ఉందా లేదా చూస్తాడు. ఉంటే సరే. లేకపోతే పొమ్మంటాడు."

"ఎవరి సంతకం?"

"కంపెనీదండి."

"కంప్యూటరు ఎవరిది?"

"మనదేనండి."

"మరి ఆ కాపలావాడు?"

"జీతం మనమిచ్చామండి. మాట మాత్రం వాళ్లది వింటాడు."

బడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి, ఎన్నో వింత సమాధానాలు దిద్దిన యాజులు మాస్టారికి దీన్ని ఎక్కడ దిద్దాలో తెలియలేదు.

"మనం వాడికి చెప్పలేమా అమ్మా?"

"చెప్పొచ్చండి. సెట్టింగుల్లోకి వెళ్లి, దీన్ని కూడా రానివ్వరా అంటే వింటాడు. కానీ ఆ గదికే కదండీ కమిటీ వాళ్లు పాస్‌వర్డు పెట్టింది. అందులో మధ్య ముక్క..." అని ఆగిపోయింది. ఆమె మాస్టారి భార్య వర్ధనమ్మగారి దగ్గర చదువుకున్న పిల్ల. తలవంచుకుని పెన్‌డ్రైవు మూత తీసి మళ్లీ పెట్టింది.

ఆ పాస్‌వర్డు కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. కంప్యూటరు కొన్న కొత్తలో ఎవరో కుర్రాళ్లు అందులో ఏవో దొంగ ఆటలు ఎక్కించి నెలరోజులు మూలపడేశారు. అప్పుడు రైసుమిల్లు బుల్లిబాబు ఒక ఉపాయం చెప్పాడు. ఆయన పఠనమందిరానికి అధ్యక్షుడు, ఊరి అమ్మవారి గుడికి ధర్మకర్త కూడా. అమ్మవారి నగల పెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. ముగ్గురూ కలిస్తే తప్ప మూత లేవదు. ఒకరు తాళం తీస్తున్నప్పుడు మిగతా ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడటం అక్కడి మర్యాద. కంప్యూటరుకూ అదే పద్ధతి పెడదామన్నాడు. ఒక్కటే పాస్‌వర్డు, మూడు ముక్కలు. మొదటి ముక్క బుల్లిబాబుది. చివరి ముక్క చిలకమ్మది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చి నర్సీపట్నం మార్కెట్లో చేపలమ్ముకునే మనిషి ఆమె. మనవరాలు పఠనమందిరానికి వస్తుంది కాబట్టి తల్లిదండ్రుల తరఫున ఆమెను కమిటీలో వేశారు. మధ్య ముక్క వర్ధనమ్మగారిది. ఒకరి ముక్క ఇంకొకరికి చెప్పకూడదు, ఇంట్లో అసలే చెప్పకూడదు, కాగితం మీద రాయకూడదు అని తీర్మానం చేశారు. ఆ తరవాత సెట్టింగుల గది తెరవాల్సిన అవసరమే రాలేదు. నెలకొకసారి ముగ్గురూ తాళందార్ల హోదాలో మూడు కుర్చీలు వేసుకుని కూర్చుని, టీ తాగి, కంప్యూటరును ఒకసారి చూసి వెళ్లేవారు.

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం పఠనమందిరం తలుపులు తీయడానికి బయలుదేరుతూ వర్ధనమ్మగారు గడప మీద కూర్చుండిపోయారు. మళ్లీ లేవలేదు.

"మాస్టారికి తెలిసే ఉంటుంది," అన్నాడు బుల్లిబాబు, సంగతి విని మిల్లు నుంచి నేరుగా వచ్చి. "తీర్మానాలు తీర్మానాలే అనుకోండి, ఇంట్లో చెప్పకుండా ఉంటారా?"

"ఆయమ్మ సెప్పదు," అంది చిలకమ్మ, ఖాళీ తట్ట గుమ్మం బయట దించి. "సెప్పొద్దని సంతకం ఎట్టినాక ఆయమ్మ సెప్తాదేటి?"

చిలకమ్మ అన్నదే నిజం. ఆవిడ చెప్పలేదు. ఆయన అడగలేదు. అడగనక్కర్లేదని ఆయన అనుకునేవారు. వర్ధనమ్మగారు వంటింట్లోంచి పిలిస్తే ఎందుకు పిలుస్తున్నదీ ఆయనకు ముందే తెలిసేది. ఆవిడ మొదలుపెట్టిన వాక్యాన్ని ఆయన పూర్తి చేసేవారు, ఆవిడ విసుక్కునేవారు. అలాంటిది, ఒక్క మాట. ఆవిడ తనంతట తాను కూర్చుని ఎంచుకున్న ఒకే ఒక్క మాట తనకు తెలియదు. ఆగిపోయిన పిల్లల దరఖాస్తులు, మార్కుల జాబితాలు, కంప్యూటరు కోసం వచ్చి వెనక్కి పోయేవాళ్లు, ఇవన్నీ నిజమే. అయినా మాస్టారికి పట్టుకున్నది మాత్రం ఆ మాట. అది తెలిస్తే చాలు. తెలియకపోతే ఇన్నేళ్లూ తాను పూర్తి చేసిన వాక్యాలన్నీ సరైనవేనా అన్న అనుమానం ఒకటి ఇంట్లో తిరుగుతోంది.

"నేను కనిపెడతాను," అన్నారు మాస్టారు.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట పఠనమందిరంలో అదొక తంతయింది. ముందు బుల్లిబాబు కూర్చుంటాడు. మాస్టారు, చిలకమ్మ, పుష్పవతి గోడవైపు తిరుగుతారు. గోడకు దేశపటం ఉంది. చూస్తే దాన్ని చూడాలి. బుల్లిబాబు గొంతు సవరించుకుని టకటకా కొట్టి లేస్తాడు. తరవాత మాస్టారు వర్ధనమ్మగారి కుర్చీలో కూర్చుని ఒక మాట కొడతారు. చివర చిలకమ్మ. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు.

"మరెలా కొడతావమ్మా?" అని మాస్టారు ఒకసారి అడగకుండా ఉండలేకపోయారు.

"నాకు తెల్దు బాబూ, నా యేళ్లకి తెలుసు. దినామూ తట్ట మూతమీద ఓపాలి కొట్టి సూసుకుంతాను, మర్సిపోకుండాను."

ముగ్గురిదీ అయ్యాక పుష్పవతి ఎంటర్ నొక్కుతుంది. తప్పు అంటుంది కంప్యూటరు. మూడుసార్లు తప్పయితే అలిగి పడుకుంటుంది. మళ్లీ ఆపి, మళ్లీ లేపాలి. తప్పు ఎవరి ముక్కలో ఉందో మాత్రం చెప్పదు. చెప్పనవసరం లేదని అందరికీ తెలుసు. తప్పంతా మధ్యలోనే ఉంది.

మొదట ఆయన ఉపమాక అని కొట్టారు. వాళ్ల పెళ్లి అక్కడి కొండ మెట్ల దగ్గర జరిగింది. తప్పు. కొయ్యూరు అని కొట్టారు. ఇద్దరూ మొదట ఉద్యోగం చేసిన ఊరు. వానాకాలంలో వాగు పొంగితే ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన కంటే ముందు దాటేసేవారు. తప్పు. రాజులమ్మ, అత్తగారి పేరు. తప్పు. కనకాంబరం. తప్పు. పెంచిన పిల్లి పేరు. ఆ పిల్లికి ఆవిడ రహస్యంగా పెట్టుకున్న ఇంకో పేరు. తప్పు, తప్పు.

విషయం బజారుకెక్కింది. అబీద్ సెంటర్లో టిఫిన్ హోటలాయన ఇడ్లీ పొట్లం కడుతూ, "మేడం గారు మా అల్లప్పచ్చడంటే ఇష్టపడేవారండి, అదేమైనా కొట్టి చూడండి" అన్నాడు. మాకవరపాలెం బస్సు కండక్టరు టిక్కెట్టు ఇస్తూ, "పోస్టింగు ఊళ్లన్నీ వరసనెట్టీసారా సార్? నాతవరం కొట్టారా?" అని అడిగాడు. పూర్వ విద్యార్థి ఒకడు స్కూటరు ఆపి, వ్యాకరణంలో మేడం ఎప్పుడూ తనను అడిగే ప్రశ్న ఒకటుండేదని చెప్పి, దాని జవాబు మాత్రం ఇప్పటికీ తనకు రాదన్నాడు. మాస్టారు అందరికీ నమస్కారం పెట్టారు. అల్లప్పచ్చడితో సహా అన్నీ కొట్టి చూశారు.

చివరికి పుష్పవతే అంది. "మాస్టారూ, కోప్పడకండి. ఈ పెట్టె తయారు చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే విడుదల కోడు ఇస్తారంటండి. అది కొడితే పాస్‌వర్డు ఏదైనా సరే తెరుచుకుంటుందట."

చిలకమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"అంటే," అంది చిలకమ్మ నెమ్మదిగా, "మూడు తాళాలు కాదు. నాలుగు."

"అవునండి పిన్నిగారూ."

"నాలుగోది ఆడి జేబులో ఉంది. ఆడు ఒక్కడే వొచ్చి తీసీగలడు."

"తియ్యగలడండి."

"మరి మనమెందుకమ్మా గోడకేసి తిరిగినట్టు?"

బుల్లిబాబు కండువాతో మొహం తుడుచుకుని, పెద్దాపురం వైపు గుళ్లలో కూడా దేవాదాయ శాఖ దగ్గర మారు తాళంచెవి ఉంటుందని ఏదో అనబోయి మానేశాడు.

ఫోన్ మాస్టారే చేశారు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక కుర్రవాడి గొంతు పలికింది.

"నమస్తే సర్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

మాస్టారు విషయం విడమరిచి చెప్పారు.

"తప్పకుండా సర్. కంప్యూటరు యజమాని లైనులో ఉన్నారా? మా రికార్డులో శ్రీమతి వర్ధనమ్మగారు అని ఉంది."

కొన్న రోజు బిల్లు ఆవిడ పేరు మీదే రాయించారు. అప్పుడు షాపులో ఉన్నది ఆవిడే.

"ఆవిడ లేరు."

"ఎప్పుడు అందుబాటులోకి వస్తారు సర్?"

మాస్టారు ఫోన్ చెవికి అలాగే ఆనించుకున్నారు.

"సర్? యజమాని అనుమతి లేకుండా కోడు ఇవ్వడానికి వీల్లేదు సర్. ఇది మీ భద్రత కోసమే. వారు రాగానే వారి నంబరు నుంచి ఒకసారి ఫోన్ చెయ్యమనండి. మీ రోజు శుభంగా గడవాలి సర్."

వర్ధనమ్మగారి ఫోన్ ఇంట్లో చార్జింగులోనే ఉంది. ఆ నంబరుకు మాస్టారు ప్రతినెలా డబ్బులు వేయిస్తూనే ఉన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాడు సాయంత్రం ఆయన ఆ ఫోన్ తెచ్చి బల్లమీద పెట్టారు. పుష్పవతి దాని వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేడం గొంతులా మాట్లాడటం నా వల్ల కాదండి," అంది.

"ఇలాగియ్యి," అని చిలకమ్మ చేతులు చీర చెంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. స్పీకరు పెట్టారు. నిన్నటి గొంతే.

"వర్ధనమ్మగారేనా మేడం?"

"మరెవురనుకున్నావు నాయనా?"

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"సమస్య ఏమిటి మేడం?"

"నా కంపూటరు నా మాట ఇనడం నేదు. కాపలాకి ఎట్టుకున్నోడు ఇంటోళ్లనే గుమ్మంలో ఆపీసినాడు. అదేటి పద్దతి?"

"అర్థమైంది మేడం. మీ పుట్టిన తేదీ చెప్పగలరా?"

చిలకమ్మ ఫోన్‌కు అరచెయ్యి అడ్డుపెట్టి, "మాస్టారూ, ఎప్పుడు పుట్టినాను?" అని గుసగుసగా అడిగింది. మాస్టారు కిటికీలోంచి బయటకు చూస్తూనే చెప్పారు. చిలకమ్మ అప్పజెప్పింది. వచ్చిన ఓటీపీ పుష్పవతి చదివింది, చిలకమ్మ దాన్నీ అప్పజెప్పింది.

"ధన్యవాదాలు వర్ధనమ్మగారూ. దయచేసి లైనులోనే ఉండండి. ఎక్కడికీ వెళ్లకండి."

"ఎక్కడికెల్తాను బాబూ, ఇక్కడే ఉన్నాను," అంది చిలకమ్మ.

మాస్టారు కిటికీ చువ్వ పట్టుకున్నారు. కాసేపటికి ఆ ఫోన్ ఒకసారి మోగింది. కోడు వచ్చేసింది.

"ఇది కొడితే అయిపోతుందండి," అంది పుష్పవతి. "మన పాస్‌వర్డు మూడు ముక్కలూ చెరిగిపోతాయి."

"చెరిపేముందు అదేమిటో చూపిస్తుందా?" అని మాస్టారు అడిగారు.

"చూపించదండి. అసలు దానికీ తెలీదండి. మనం కొట్టింది సరిపోయిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. మాట దాచుకోదు."

మాస్టారు తల పంకించారు. తనకు తెలియదు. యంత్రానికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ లేదు.

"ఒక్కసారి. ఆఖరిసారి ప్రయత్నిద్దాం. నాకొక మాట తట్టింది. రాత్రంతా అదే అనిపిస్తోంది. ఇది అయి తీరాలి."

పుష్పవతి సరేనని గోడవైపు తిరిగింది. చిలకమ్మ తిరిగింది. మాస్టారు దేశపటం ముందు నిలబడి బుల్లిబాబు టకటకల కోసం ఎదురుచూశారు. వినబడలేదు. ఎంతకీ వినబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే బుల్లిబాబు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏటి బాబూ, కొట్టవేటి బేగి?" అంది చిలకమ్మ.

"నా ముక్క నాకు గుర్తులేదు," అన్నాడు బుల్లిబాబు.

"ఇప్పుడు మర్చిపోయారా?" అన్నారు మాస్టారు.

"ఇప్పుడు కాదు మాస్టారూ. పెట్టిన వారానికే. అప్పుడే చెబుదామనుకున్నాను. ధర్మకర్తని కదండీ. కంప్యూటరు తాళమే మర్చిపోయాడంటే రేపు అమ్మవారి పెట్టె దగ్గరికి నన్ను రానిస్తారా? తాతల నాటి నుంచి మా ఇంటి తాళం అది. ఎలాగూ తెరవాల్సిన పని రాదులే అనుకున్నాను."

"మరి ఇన్నాళ్లూ కొట్టిందేమిటి?"

"ఏదో ఒకటి. మీరంతా గోడకేసి తిరిగి ఉన్నారు కదా, ఎవరు చూస్తారని."

"ఓరి నీ దుంప తెగ!" అంది చిలకమ్మ. "మాస్టారు దినామూ వొచ్చి పెల్లాం పేరు సెప్పుకుని ఏడుస్తంతే, నువ్వు పక్కన కూకుని తబలా వాయించినావా!"

బుల్లిబాబు కళ్లు దించేశాడు. ఊరి పెద్దమనిషి, మిల్లులో నలభైమందిని కేకలేసే మనిషి, చేపలమ్మే ఆమె తిడుతుంటే ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

మాస్టారు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. లెక్క ఆయనకు నెమ్మదిగా తెలిసివచ్చింది. ఉపమాక తప్పు కాదు. ఒప్పూ కాదు. కొయ్యూరు కూడా అంతే. పిల్లి రెండో పేరు, అత్తగారి పేరు, ఆ అల్లప్పచ్చడి కూడా. అందులో ఏదో ఒకటి ఆవిడ మాటే అయి ఉండవచ్చు. మొదటి రోజే, మొదటిసారే ఆయన సరిగ్గా చెప్పి ఉండవచ్చు. పక్కవాడి ముక్క తప్పయినందుకు ఆయనకు సున్నా వచ్చి ఉండవచ్చు. అసలు ఒక్కటీ కాకపోనూ వచ్చు. ఈ పేపరు ఇక ఎవరూ దిద్దరు.

ఆయనకు కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశారు. రాత్రి తట్టిన మాట నోటి దాకా వచ్చి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

"కొట్టమ్మా పుష్పవతీ," అన్నారు.

పుష్పవతి కోడు కొట్టింది. కంప్యూటరు ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి, ఏమీ అడగకుండా సెట్టింగుల గది తలుపు బార్లా తెరిచింది. ఆమె లోపల ఏవో మార్చింది. ఇకనుంచి కంపెనీ సంతకంతో పాటు పఠనమందిరం సంతకాన్నీ కాపలావాడు ఒప్పుకుంటాడని, మనం ముద్ర వేసి ఏది తెచ్చినా లేపుతాడని చెప్పింది. మన సంతకానికి ఒక పేరు పెట్టాలంది.

"వర్ధనమ్మగారి పేరు పెడదాం," అన్నాడు బుల్లిబాబు వెంటనే. తప్పు దిద్దుకునే దారి దొరికిందన్న ఆశ గొంతులో వినిపించింది.

"వద్దు బాబూ. గుమ్మం దగ్గర అడ్డగించేవాడికి ఆవిడ పేరెందుకు? ఆవిడ ఎవరినీ ఆపిన మనిషి కాదు," అన్నారు మాస్టారు.

పఠనమందిరం అనే పెట్టారు. కొత్త సిస్టమ్ మారాం చేయకుండా లోపలికి వెళ్లింది. మిగిలింది పాస్‌వర్డు. ఒకరి దగ్గరే ఉంచండి, ఈ ముక్కల గోల వద్దు, మాస్టారి దగ్గరుంటే చాలు అంది పుష్పవతి. నా దగ్గర మాత్రం వద్దన్నాడు బుల్లిబాబు. కంపెనీవాడు ఎలాగూ తీయగలిగినప్పుడు అసలు పాస్‌వర్డే దేనికన్నది ఇంకో మాట. చిలకమ్మ తట్ట అందుకుంది.

"నువ్వేమంటావు చిలకమ్మా?" అని మాస్టారు అడిగారు.

"నానేటంతాను బాబూ. మార్కెట్లో నన్ను పక్కకి జరుగు అంతారు. బస్సులో తట్ట కంపు కొడతాదని ఎనక్కి పొమ్మంతారు. ఆ తాళం ఉన్నాదని కదా ఇక్కడ కుర్సీ ఏసి కూకోబెట్టి టీ ఇచ్చినారు. ఆయమ్మే ఇచ్చింది. తీసీండి, మీ ఇష్టం."

మాస్టారు ఆమె చేతిలోంచి తట్ట తీసుకుని కిందపెట్టారు.

"మూడు ముక్కలే ఉంటాయి," అన్నారు. "కాకపోతే తీర్మానం మారుద్దాం. ఎవరి ముక్క వాళ్లు ఇంట్లో ఒకరికి చెప్పి తీరాలి. బుల్లిబాబూ, నువ్వు ఇద్దరికి చెప్పు."

ఈసారి ఏ ముక్కకా ముక్క విడిగా, రెండేసిసార్లు అడిగేలా పుష్పవతి అమర్చింది. బుల్లిబాబు మొదటి ముక్క కొత్తది పెట్టి, అప్పుడే ఇంటికి ఫోన్ చేసి భార్యకు అందరూ వినేలా చెప్పేశాడు. పుష్పవతి తల పట్టుకుని, ఇంకోటి పెట్టించింది. తరవాత మాస్టారి వంతు. ఆయన మధ్య కుర్చీలోకి జరిగారు. మిగతా ముగ్గురూ గోడవైపు తిరిగారు.

మీటల మీద వేళ్లు పెట్టి ఆయన ఆగిపోయారు. కొట్టాల్సింది ఇప్పుడు ఆవిడ మాట కాదు, తనది. తనను ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట అడగలేదు. రాత్రి తట్టింది కొట్టబోయి, చెరిపేశారు. అది ఆవిడదేమో, ఆవిడకే ఉండనీ. ఇంకోటి మొదలుపెట్టి సగంలో వదిలేశారు. చివరికి ఒకటి కొట్టారు. అదే మాట రెండోసారి కొట్టమంది యంత్రం. కొట్టారు. రెండూ ఒకటి కాదు, మళ్లీ మొదటి నుంచి అంది.

"అయిందాండి?" అన్నాడు బుల్లిబాబు, హిందూ మహాసముద్రం వైపు చూస్తూ.

"ఇంకా లేదు," అన్నారు మాస్టారు.

"తొందరేటి బాబూ," అంది చిలకమ్మ గోడకేసి తిరిగే. "సేపలన్నీ అమ్మీసే వొచ్చినాను."